ఐదో మాట నా వంతు

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని చెప్పడం మా ఊరి చర్చిలో అలవాటు. సౌదీలోని అల్ ఖోబర్‌లో మా అజీజియా ఇంట్లో, అక్కడ బహిరంగంగా ఆరాధన కుదరదు గనక తలుపులు వేసుకుని, పాటల గొంతు తగ్గించుకుని కూర్చునే మా చిన్న కూటంలోనూ అంతే. మూడో మాట తల్లిని గురించినది గనక ఏటా ఆడవాళ్లకు దాన్నే అంటగడతారు. నాకది ఒళ్లు మంట. ఆ మధ్య ఓ ఏడాది మా కూటం పెద్దాయనను అడిగేశాను.

"ఏమండీ, మాకు అమ్మతనం తప్ప ఇంకేం తెలీదనుకున్నారా?"

ఆయన రాజమండ్రి మనిషి. నవ్వేసి, "అయితే ఐదోది నువ్వు చెప్పమ్మా" అన్నారు.

ఐదోది దాహం. "దప్పిగొనుచున్నాను." ఉన్నదల్లా ఒక్క మాట. అడిగి మరీ నెత్తికెత్తుకున్నాను, ఇక తప్పేదేముంది! ఈస్టర్ ముందు నలభై రోజులు ఉపవాసం ఉండే శ్రమల కాలం మొదలైన నాటి నుంచి రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద ఒకటే ప్రార్థన: ప్రభువా, ఈ మాట నా గుండెలోకి రానీ. గుండెలోకి రాలేదు గానీ కాగితాల మీదికి బోలెడు వచ్చింది. ఆత్మల దాహం, నీతి దాహం, లోకం దాహం. మా ఆయనకు చదివి వినిపించాను.

"బానే ఉంది గానీ, ఇంత దాహం చెప్పావు, ఎక్కడా నీళ్లు లేవే!" అన్నారు.

కోపం వచ్చింది. ఆ మాట నిజం కావడంతో ఇంకా వచ్చింది. చెప్పడానికి నాలో ఏమీ లేదేమోనని భయం కూడా పట్టుకుంది.

నేను పక్క ఊరు ఖతీఫ్‌లో నర్సును. ఆపరేషన్ అయి వచ్చినవాళ్లు "అత్షాన్, అత్షాన్" అంటుంటారు. దాహంగా ఉందని. వెంటనే నీళ్లు పట్టకూడదు గనక తడిగుడ్డతో పెదాలు అద్దుతాను. అది డ్యూటీ, ఇది భక్తి అనుకునేదాన్ని.

ఆ ఏడు శ్రమల కాలమూ రంజానూ కలిసి వచ్చాయి. గుడ్ ఫ్రైడే ముందటి మట్టల ఆదివారం దాటాక ఓ సాయంత్రం డ్యూటీ దిగి మా ఆయన కారెక్కాను. పగలంతా ఇద్దరం ఉపవాసం. రంజాన్లో నలుగురి ముందు తాగకూడదని కార్లో నీళ్ల సీసా కూడా పెట్టుకోం. దారిలో బళ్లన్నీ నిలిచిపోయాయి. ఏసీ మొరాయించింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఇంతలో పొద్దు వాలి అజాన్ వినిపించింది. సిగ్నల్ దగ్గర కొందరు ఉపవాసం విడవడానికి కారు కారుకూ నీళ్ల సీసాలు, ఖర్జూరాలు అందిస్తున్నారు. తెల్లటి పొడుగు అంగీ, తోబు, వేసుకున్న ఒక పెద్దమనిషి నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

చెయ్యి చాపబోయి ఆగిపోయాను. అవి రంజాన్ ఉపవాసం ఉన్నవాళ్ల కోసం పెట్టినవి. చెప్పకుండా తీసుకుంటే నా ఉపవాసానికి అర్థమేముంది?

"అనా మసీహియా" అన్నాను, నేను క్రైస్తవురాలినని. పక్కన మా ఆయన సీసా వంక ఆశగా చూసి గుటకలు మింగారు.

ఆ మనిషి నా మొహంలోకి చూసి ఒక్కటే అడిగాడు.

"అత్షానా?"

తల ఊపాను. మూత తనే తిప్పి, "తఫద్దలీ", తీసుకోమని నా చేతిలో పెట్టి, వెనక కారు దగ్గరికి వెళ్లిపోయాడు. ఏడుస్తూ తాగాను. రోజూ వార్డులో వినే మాటే. నన్ను అడిగేదాకా నా గుండెలోకి రాలేదు.

గుడ్ ఫ్రైడే నాడు కాగితాలు బయటికి తీయలేదు. "ఆత్మల దాహం ఉండే ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం సిలువ మీద ప్రభువుకు నోరు కూడా ఎండిపోయింది. ఆయనకు పులిసిపోయిన ద్రాక్షారసం ఇచ్చారు. నాకు మాత్రం చల్లటి మంచినీళ్లు దొరికాయి" అని సిగ్నల్ దగ్గర జరిగింది చెప్పాను. అంతే, నా వంతు తొందరగా అయిపోయింది. చివర ప్రార్థనలో, పేరు తెలియదు గనక, "ప్రభువా, ఆ సిగ్నల్ దగ్గరి మనిషిని దీవించు" అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా మా ఆయన అన్నారు. సగం సీసా తాగింది ఆయనే కదా!