టీవీ కనబడని సీటు

టప్.

ముందు చప్పట వినిపిస్తుంది, తర్వాత శోభక్క కనిపిస్తుంది. ఏ గది గడప దాటినా ఒక్కసారి చప్పట కొట్టి, తల వంచి, చప్పుడు ఎక్కడిదాకా వెళ్లి ఎలా తిరిగొచ్చిందో వింటుంది. బ్యాంకులో కొడితే క్యూ మొత్తం వెనక్కి తిరిగింది. వియ్యంకుల ఇంట్లో కొడితే వియ్యపురాలు టీ ట్రే వదిలేసింది. "పరేషాన్ గాకు వదినె, మీ ఇల్లు మంచిగ పలుకుతున్నది" అంది శోభక్క.

మహారాష్ట్ర సరిహద్దులోని మా సిరొంచలో పరుపులు, పరదాలు కుట్టడం ఆమె పని. వాటిని మోసే ఆటో నాది.

మా ఊరి కుర్రాడు పంకజ్ నాగపూర్ చూసొచ్చి స్పోర్ట్స్ బార్ కట్టాడు. జిల్లాలో మద్యనిషేధం కనుక బార్ కౌంటర్ మీద దొరికేవి సోడా, మజ్జిగ. మిగతాదంతా నాగపూరే: గాజు తలుపులు, నున్నటి టైల్స్, గోడంత టీవీ. ఆదివారం కబడ్డీ ఫైనల్‌తో ప్రారంభం. గురువారం పరదాల కొలతలకు శోభక్క వచ్చింది.

టప్. చప్పుడు గాజుకు తగిలి, టైల్స్ మీద జారి, ముక్కలై తిరిగొచ్చింది.

"తమ్మీ, ఇది హోటలా, నీళ్ల బాయా?"

"నాగపూర్‌ల అన్ని గిట్లనే ఉన్నయక్కా."

"ఆళ్లకు చెవులు లేవేమో. గోడలకు వెదురు తడకలు కొట్టు. పైన పరుపులు ఏలాడదీస్త, చప్పుడును మింగుతయి."

"పరుపులా! తిననీకి వచ్చినోళ్లు పండుకుంటరు!"

"పండుకోనీ. మజ్జిగ తాగినోళ్లకు నిద్ర రాదా?"

తడకలకు, పరుపులకు పంకజ్ ఎలాగో ఒప్పుకున్నాడు. శనివారం ఆమె స్తంభం వెనక మూలలో బల్ల వేయించి, మూడు వైపులా మందపాటి పరదాలు కట్టింది.

"అక్కడ కూసుంటే టీవీ కనబడదు గదక్కా!"

"కనబడకున్నా ఏం గాదు."

"స్పోర్ట్స్ బార్‌ల టీవీ కనబడని సీటా? ఊరంత నవ్వుతది. మొదటిరోజే నా ఇజ్జత్ పోతది!"

"ఆ సీటు తీస్తే అన్నీ ఇప్పుకపోత."

ఆదివారం పాతగూడెం నుంచి కూడా జనం వచ్చారు. అన్ని బల్లలూ నిండాయి, ఆ మూల తప్ప. పంకజ్ దాన్ని చూసి పళ్లు కొరుకుతుండగా, సాంబన్న చెయ్యి పట్టుకుని శోభక్క లోపలికి వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు ఊరూరా కబడ్డీకి ఈల ఊదిన మనిషి. షుగరుతో చూపు పోయింది. పోయిన నెల పంకజ్ టీవీ పెట్టి చూసిన రోజు వచ్చి, "అంత గోలగోల, ఒక్క మాట తెలుస్తలేదు బిడ్డా" అని పది నిమిషాలకే లేచి వెళ్లాడు. పంకజ్ ఆ మాట మరిచిపోయాడు. దారిలో ఎదురై ఆయన నోట అదే విన్న శోభక్క మరవలేదు.

మూల బల్ల దగ్గర కూర్చుని, పరదాల మధ్య తేటగా వినబడుతున్న టీవీకి సాంబన్న చెవి ఒగ్గాడు. రెండో నిమిషంలోనే చెయ్యెత్తాడు.

"ఈల లేటుగ ఊదిండు! వాడేం రెఫరీ?"

హాలంతా నవ్వింది. సగం ఆట గడిచేసరికి నాలుగు బల్లల వాళ్లు టీవీకి వీపు తిప్పి సాంబన్న తీర్పులు అడుగుతున్నారు. పంకజ్ స్వయంగా మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

"తాతా, ఇగ ఈ సీటు నీదే."

ఫైనల్ ముగిసింది. హాలు హాలంతా చప్పట్లు. శోభక్క మాత్రం కొట్టలేదు. తల వంచి, అంతా విని, నా దగ్గరికి వచ్చింది.

"ఇంకా జర మోగుతున్నది. రేపు ఇంకో పరుపు నీ ఆటోల ఏసుకరా."