రాణి చెంప మీద గీత

మా నాయన వెండి అంగడి కృష్ణగిరి పాతపేటలో ఉండేది. అది మూతపడి చాలా ఏళ్లయింది. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో బండి విడిభాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం ముప్పయ్యేళ్లు చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. వెండి గురించి అడగడానికి మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

అలాగే ఒకరోజు గురుబరపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మా నాయన కాలం నుంచి తెలిసిన మామిడితోట రైతు. నేను ఆయన్ని అన్నా అని పిలుస్తాను. తువ్వాలు మూట విప్పి తొమ్మిది రూపాయి నాణేలు బల్ల మీద పరిచారు. విక్టోరియా రాణి తల ఉన్న పాతకాలపు వెండి రూపాయలు.

"వీటికి రింగులు అతికించే ఆచారి యాడుండాడో చెప్పమ్మా. మీ వదినకు దండ చేయించల్ల."

ఆ దండ కథ నాకు తెలుసు. పెళ్లయిన రోజున వాళ్లమ్మ తన మెడలోని రూపాయల దండ తీసి కోడలి మెడలో వేసిందట. రెండేళ్లకు వానలు మొండికేశాయి. బోరు ఎండింది. దండ అమ్ముకున్నారు. కొన్నది మా నాయనే. కొన్న వారంలోనే కరిగించేశారు. అంగడిలో అది రోజూ జరిగే పని. నేనప్పుడు చిన్నపిల్లని, నాకేమీ అనిపించలేదు. కానీ ఆ నాణేలు బల్ల మీద చూసినప్పుడు మనసు చివుక్కుమంది.

"యాడ దొరికినాయన్నా?"

"ఫోన్లో వేలమమ్మా. ఎనిమిది నెల్లు పట్టె. నేను ఒక రేటు చెప్తే ఇంకెవడో పైన చెప్తా ఉండె. ఇడుస్తానా?"

ఒక నాణెం తీసి గచ్చు మీద వదిలాను. వెండి రూపాయి అయితే ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాలిలో నిలవాలి. ఇది తప్‌మని పడి ఊరుకుంది. రెండోది, మూడోది కూడా అంతే. పెద్దాయన నా మొహం చూస్తున్నారు. నేను తలెత్తలేదు.

లోపలి నుంచి చిన్న త్రాసు తెచ్చాను. ఆ కాలపు రూపాయంటే సరిగ్గా తులం. అందుకే పచారీ కొట్లో, మందుల కొట్లో రూపాయినే తూకపు రాయిగా వాడేవారు. అరిగినా పదకొండు గ్రాములకు తగ్గడం అరుదు. ఇవి తొమ్మిదిన్నర దగ్గరే ఆగిపోయాయి. ఫ్యాక్టరీలో వాడినటువంటి కొలత పరికరం పెట్టి చూస్తే, వెడల్పు అర మిల్లీమీటరు తక్కువ. అసలు నాణేన్ని అచ్చుమట్టిలో ఒత్తి తీసి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తే, చల్లారాక అది కొంచెం కుంచించుకుపోతుంది. పోతపోసిన భాగాల్లో ఆ తేడా పట్టుకోవడమే నేను చేసిన ఉద్యోగం. ఇన్నేళ్ల ఆ చదువు ఇలాంటి పనికి వస్తుందనుకోలేదు.

భూతద్దం పెట్టాక నా ఒళ్లు మండిపోయింది. రాణి చెంప మీద, చెవికి కిందగా, ఒక సన్నని గీత. తొమ్మిదింటిలో ఆరింటికి అదే చోట, అదే పొడవు, అదే వంపు. వందేళ్లు వేర్వేరు చేతుల్లో తిరిగిన నాణేలకు ఒకే గాయం ఎలా తగులుతుంది? ఒక అసలు నాణెం మీది గీత అచ్చులోకి దిగి, పోసిన ప్రతి నాణేనికీ అంటుకుంది. ఇంకో నాణెం వెనకవైపు 1862 అని ఉంది, ముందువైపు రాణి తల పక్కన చక్రవర్తిని (ఎంప్రెస్) అనే బిరుదు ఉంది. రాణి ఆ బిరుదు పెట్టుకున్నది అంతకు పదిహేనేళ్ల తర్వాత. దొంగపని చేసేవాడికి ఆపాటి శ్రద్ధ కూడా లేదు!

"అన్నా, ఇవి వెండి కాదు," అన్నాను.

ఆయన నాణేలను ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నారు. తర్వాత, "ఒకటన్నా లేదా అమ్మా?" అన్నారు.

"లేదన్నా."

ఆయన ఫోన్ తీసుకుని ఆ వేలం పేజీ చూశాను. పెద్దది చేస్తే ఫోటోల్లోనే ఆ గీత కనబడుతోంది. ఎర్రగుడ్డ మీద పెట్టిన నాణెం, కింద 'మా అవ్వ పెట్టెలో దొరికినది' అని. ఆ దుకాణం పెట్టిన ముప్పై అమ్మకాలకూ అదే మాట. ముప్పై మంది అవ్వలా? ఈయన మీద ప్రతిసారీ రేటు పెంచింది కూడా ఒకే ఖాతా. ఆ ఖాతావాడు ఎప్పుడూ ఆఖరి క్షణంలో తప్పుకునేవాడు. వాడు ఆ అమ్మేవాడేనని ఊహించడానికి తెలివి అక్కర్లేదు.

ఆయన దాచుకున్న పార్సెల్ కవరు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. తమిళంలో మొదలుపెట్టినవాడు నా యాస వినగానే మన తెలుగులోకి దిగాడు.

"పాతకాలం నాణెం అన్నాము గాని వెండి అని యాడన్నాము మేడమ్? వెండిరంగు అని కింద రాసుండాది, చూడండి."

"మీ అవ్వ పెట్టెలో ఎన్ని వందలున్నాయప్పా?"

"చూసుకోకుండా కొనింది మా తప్పా?" అని పెట్టేశాడు.

వాడు మన ప్రాంతం వాడే. ఆ సంగతే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఇక్కడ ప్రతి రైతింటిలోనూ కరువులో అమ్ముకున్న ఒక దండ ఉంటుందని వాడికి తెలుసు. జనం ఏ లోటుతో ఆ పేజీ తెరుస్తారో తెలిసే వాడు 'అవ్వ' అనే మాట రాశాడు.

తూకం, కొలతల ఫోటోలతో వేలం సంస్థకు రాశాను. ఫిర్యాదు గడువు దాటిందని మొదట తిప్పికొట్టారు. నాలుగుసార్లు రాశాక ఆఖరుగా కొన్న రెండింటి సొమ్ము వెనక్కిచ్చి ఆ దుకాణం మూసేశారు. పాత నాణేలు సేకరించేవాళ్ల గుంపులో హెచ్చరిక పెడితే ఒక పెద్దమనిషి, "కొత్తవాళ్లు దెబ్బతింటేనే నేర్చుకుంటారు" అని రాశాడు. డెబ్బయ్యైదేళ్ల మనిషి దెబ్బ తిని నేర్చుకోవాల్సింది ఏముందని అడిగాను.

భార్యకు చెప్పడానికి పెద్దాయనకు నోరు రాలేదు. నన్ను రమ్మన్నారు. గురుబరపల్లికి వెళ్లి, వసారాలో కూర్చుని నేనే విషయం చెప్పాను. ఆమె చింతపండు గింజ తీస్తూ విన్నది. చేయి ఆగలేదు.

"నాకు మొదటిది వచ్చినప్పుడే తెలుసమ్మా," అంది. "రెండేండ్లు మెడలో మోసినాను. అరచేతిలో పెడితే తెలవదా? బరువే లేదు."

పెద్దాయన ఉలిక్కిపడ్డారు. "మరి ఎందుకు చెప్పలేదే?"

"పార్సెల్ వచ్చినప్పుడంతా నీ మొహం చూసినాను గదా. ఎట్ల చెప్పేది?"

ఆయన లేచి తోట వైపు వెళ్లిపోయారు. ఆమె గింజలు తీస్తూనే ఉంది. "నాకు దండ వద్దమ్మా," అంది కాసేపటికి. "ఆ మనిషి ఎనిమిది నెల్లు నాకోసరం ఎదురుచూసినాడు. ఆ ఎదురుచూపును గూడా దొంగలించినాడు సూడు ఆ పాపిష్టోడు."

పోయిన వారం ఇంకో పేరుతో కొత్త దుకాణం కనబడింది. అదే ఎర్రగుడ్డ, అదే గీత. పన్నెండు మంది వేలం పాడుతున్నారు. మళ్లీ ఫోటోలు జోడించి, వేలం సంస్థకు మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను.