పెదాల మధ్య గుండుసూదులు

వీధివాళ్లంతా టైలరక్క అని పిలిచే ఆవిడ నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పెదాల మధ్య గుండుసూదులు, పళ్ల మధ్య దారం. దారం కొరికీ కొరికీ ముందుపన్ను విరిగింది, వాపు చెంపకెక్కింది. పంటి డాక్టరు కుర్చీలో మూడుసార్లు కూర్చుని, గుండెదడతో మూడుసార్లూ లేచి వచ్చేసింది. ఈసారి డాక్టరమ్మ గంట ముందే భయం తగ్గే మాత్ర మింగించింది. ఆ మగతలోనూ అక్క పెదాలు బిగించే ఉంచింది.

"తెరవమ్మా, ఇవాళా వదిలేస్తే చీము దవడకు పాకుతుంది," అంది డాక్టరమ్మ.

అక్క అడ్డంగా తలూపింది. "సూదులున్నాయి, మింగేస్తాను," అని పెదాల సందులోంచే గొణిగింది.

తోడొచ్చిన చెల్లెలు అరచెయ్యి చాపింది. "ఇలా పెట్టక్కా, నీ సూదులు నేనేం ఎత్తుకుపోను."

అక్క లేని సూదుల్ని ఒక్కొక్కటే తీసి ఆ చేతిలో పెట్టింది. ఆరోది పెట్టాక చెల్లెలి గుప్పిట తనే మూసి, నోరు తెరిచింది.