వెచ్చగా ఉన్న మోటారు

నా చిన్నప్పుడు ఢిల్లీలో మా పెదనాన్న ఇంట్లో ఉండి చదువుకున్నాను. విదేశీ సరుకు చవగ్గా వచ్చిపడి నష్టపోతున్నామని ఏ ఫ్యాక్టరీవాళ్లయినా అర్జీ పెడితే, నిజానిజాలు చూసి, దిగుమతి సుంకం పెంచాలో వద్దో ఫైలు మీద రాయడం ఆయన ఉద్యోగం. ఎవరి మాటా ఆయన ఒక పట్టాన నమ్మేవారు కాదు. పాలవాడు పాలు చిక్కగా ఉన్నాయన్నా గిన్నె వంచి చూసేవారు.

ఒకరోజు నాకు బడి లేదు, పెద్దమ్మ ఊళ్లో లేదు. నన్ను ఒంటరిగా వదల్లేక, గాజియాబాద్‌లో సైకిల్ చెయిన్ల ఫ్యాక్టరీ తనిఖీకి వెంట తీసుకెళ్లారు. యజమాని మమ్మల్ని పెద్ద షెడ్డులోకి తీసుకెళ్లాడు. మెషీన్లన్నీ ఆగి ఉన్నాయి. గోడవారన పనివాళ్లు ఊరికే కూర్చున్నారు. ఆర్డర్లు లేక నెలరోజులుగా ఇంతేనని చెబుతూ అతను కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

పెదనాన్న ఒక మోటారు మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టారు. వెచ్చగా ఉంది. మేం వచ్చేముందే ఆపారన్నమాట.

ఇక వెళ్లిపోతామనుకున్నాను. ఆయన జీపెక్కకుండా, గేటు దగ్గర టీ తాగుతున్న ప్యాకింగ్ ఆవిడను "దీదీ" అని పలకరించారు. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఈ ముందు షెడ్డు మీరొచ్చే ముందే ఆపించారు సాబ్. వెనక షెడ్డు మాత్రం నిజంగానే మూసేశారు. మా చెల్లి పని పోయింది. ఇప్పుడందులో యజమాని తెప్పించిన విదేశీ చెయిన్ల పెట్టెలున్నాయి."

పెదనాన్న వెనక్కి వెళ్లి ఆ షెడ్డు తెరిపించారు. పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. సుంకం పడితే ధర పెరిగాక అమ్ముకుందామని దాచాడట.

దారిలో నేను, అర్జీ కొట్టేస్తారు కదా అన్నాను.

"అతను అబద్ధమాడితే ఆవిడ చెల్లికి పని ఉన్నట్టా?" అన్నారాయన.

ఆ తర్వాత చిన్న చెయిన్ల ఫ్యాక్టరీలన్నీ తిరిగారు. వాటిలో చాలావరకు నిజంగానే మూతపడుతున్నాయి. దాచిన పెట్టెల సంగతి కూడా ఫైల్లో పెట్టి, కొంతకాలానికి సుంకం వేయమనే రాశారు. సుంకం పడింది. కొన్ని ఫ్యాక్టరీలు నిలబడ్డాయి. ఆ యజమానీ బాగుపడ్డాడు. అది మాత్రం పెదనాన్నకు చాలాకాలం మింగుడుపడలేదు.

ఇప్పుడు నోయిడాలో మనవల మధ్య కూర్చుని టీవీ చూస్తుంటే, దేశీ పరిశ్రమ చచ్చిపోతోందని ఎవరో గొంతు పెంచుతారు. అతని గోదాములో ఏముందోనని నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఆ అనుమానం పెదనాన్న దగ్గర నేర్చుకున్నదే. అబద్ధం దొరకగానే పని అయిపోయిందని ఇంటికి వచ్చేయకూడదన్నదీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.