సార్ ఇచ్చిపోయిన క్వేకర్ పుస్తకం

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పటికీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోతాను. అయినా ఇది రాస్తున్నాను, మా ఇంట్లో జరిగింది కాబట్టి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది నల్గొండ, ఉండేది హైదరాబాద్‌లో. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పైవాటాలో గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ ఒంటరిగా కిరాయికి ఉండేవారు. ఆయన్ని సార్ అనేవాళ్లం. పాత పుస్తకాలంటే ప్రాణం ఆయనకు.

ఒకరోజు తోలు అట్ట పుస్తకం ఒకటి చూపించారు. రాసినాయన ఎప్పుడో రాజుల కాలంలో ఇంగ్లండులో ఉండే క్వేకరట. క్వేకర్లంటే యుద్ధానికి పోని, కొట్టినా తిరిగి కొట్టని క్రైస్తవులని సార్ చెప్పారు. యుద్ధం పాపమని బోధించినందుకు అధికారులు ఆయన కుడి చెవి కోయించారు. జైల్లోనే ఈ పుస్తకం రాశాడు.

చాలా ఏళ్లకు అది ఒక క్వేకర్ నర్సు చేతికొచ్చింది. ఆమె మన దేశానికొచ్చి కరువులో గంజి పోసేది. అక్కడి తొక్కిసలాటలో ఎవడో కొట్టిన దెబ్బకు ఆమె కుడి చెవి పోయింది. 'కొట్టినవాడు ఆకలి మీద ఉన్నాడు' అని మొదటి పేజీలో రాసుకుంది.

పుస్తకం కొన్న కొద్దిరోజులకే సార్‌కు జ్వరమొచ్చి కుడి చెవి వినపడకుండా పోయింది. ఆ మాట మామూలుగానే చెప్పారు.

మా ఆయనకు ఆంధ్రావాళ్ల మీదున్న కోపమంతా ఈ ముసలాయన మీద తీర్చుకునేవాడు. కావాలని కుడిపక్కన నిలబడి, "ఎప్పుడు సస్తవ్‌రా ముసలోడా, మా జాగ ఎప్పుడు ఖాళీ చేస్తవ్?" అని మెల్లగా అని నవ్వేవాడు. సార్ కూడా నవ్వేవారు. నేను వద్దంటే నా మీదికి లేచేవాడు.

చివరికి నీళ్లు బంద్ చేసి ఖాళీ చేయించాడు. వెళ్లేరోజు సార్ ఆ పుస్తకం మా ఆయన చేతిలో పెట్టారు.

"ఇక నుంచి ఇది నీదేనయ్యా."

ఆ వారంలోనే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో జరిగింది. బాష్పవాయువు గోళం ఒకటి మా ఆయన పక్కనే పేలింది. చుట్టూ ఉన్నవాళ్లకు కళ్లమంటలు తప్ప ఏమీ కాలేదు. ఈయన కుడి చెవి సగం తెగిపోయింది. దవాఖానలో కుట్లేశారు గానీ వినికిడి రాలేదు.

సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, మీరు తెలిసే ఇచ్చిన్రా?"

"కుడివైపు నాకు వినపడదమ్మా. కానీ పెదాలు చూస్తే ఏమంటున్నారో తెలిసిపోతుంది," అని పెట్టేశారు.

సార్ మనసు అర్థమైంది. పుస్తకం సంగతే ఇప్పటికీ అంతుపట్టలేదు. చెవుల సంగతంతా చెప్పి పారేద్దామంటే మా ఆయన ఒప్పుకోడు. బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఉండనీయే," అంటాడు. "ఎవనికియ్యాల్నో చూస్తున్న."