దొన అంచున వేసిన టెంటు

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు ఇచ్చిన మరుసటి రోజే నేను గొర్రెల మంద వెనకాల ఉండేదాన్ని... ముందు మా నాయన, నడుమ గొర్రెలు, వెనక నేను, నా చంకలో ఆ వారం పుట్టిన పిల్ల ఒకటి. పుంగనూరు వైపు చేలలో మొదలుపెట్టి కుప్పం దాకా నడిచేవాళ్లం. పంట కోసిన చేలో ఎరువు కోసం రైతులు మందను రెండు మూడు రాత్రులు ఆపుకునేవాళ్లు. ఆ తరువాత ఇంకో చేను. చేనుకీ చేనుకీ మధ్య దారిలో, గుట్టల్లో, ఎక్కడో ఒకచోట మేమే బస చూసుకోవాలి.

బస చూడడంలో మా నాయన తరువాతే ఎవరైనా. పిడికెడు దుమ్ము తీసి గాలి ఎటు వీస్తుందో చూసేవాడు. చీమలున్నాయేమోనని కాలితో నేల గీకేవాడు. ఆఖరికి గొంగడి పరిచి, "పండుకోని సూడు పాపా, వీపుకు రాయి తగుల్తాదేమో" అనేవాడు. నేను అటూ ఇటూ దొర్లి సరే అంటేనే అక్కడ బస... ఎంత గొప్పగా ఉండేదో నాకు!

అన్నిటికంటే నాకు ఇష్టమైన చోటు సదుం వైపు ఒక గుట్ట మీద ఉంది. పేరు రాయను. అక్కడ బండలో దానంతటదే ఏర్పడిన పెద్ద గుంట ఉంది, మేము దొన అంటాం. వాననీళ్లు ఒకసారి నిండితే ఎండాకాలం చివరిదాకా ఉంటాయి. చుట్టూ బోదగడ్డి, సీతాఫలం పొదలు... చప్పుడు అంటే గొర్రెల మెడ గంటలదే.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను పరుగున పోయి దొన అంచునే గొంగడి పరిచాను. నాయన వచ్చి లాగేశాడు.

"యాల నాయనా? ఈడ సల్లగా ఉండాది."

"నీకు సల్లగానే ఉంటాది. నీళ్ల పక్కన మనం పండుకుంటే, తాగను వచ్చే జీవాలు యాడికి పోతాయి? మనిషి వాసనకు కుందేలు గూడా రాదు. ఈ దొన నువ్వేమన్నా తవ్వినావా?"

"నువ్వు తవ్వినావా?"

"లేదు గాబట్టే నేను దూరంగా పండుకుంటాండాను" అని నవ్వి, నా చేయి పట్టుకుని పొదల అవతలికి తీసుకుపోయాడు.

గిన్నెలు కూడా దొనలో ముంచనిచ్చేవాడు కాదు. చెంబుతో నీళ్లు తెచ్చి దూరంగా బండ మీద కడగాలి. పొద్దున బయలుదేరే ముందు పొయ్యి రాళ్లు విడదీసి, బూడిద మీద మన్ను కప్పేవాళ్లం. వెనక్కి తిరిగి చూస్తే మేము అక్కడ పడుకున్నామంటే నాకే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. నాయన చదివించబట్టే ఇవాళ మదనపల్లెలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో సుమకు టెంటు వేసుకుని బయట పడుకోవడం సరదా. జనం లేని అందమైన చోటు కోసం ఆమె ఫోన్‌లో తెగ వెతుకుతుంటే, "నన్నడుగు, నాకు తెలుసు" అన్నాను. పోయిన చలికాలంలో ఇద్దరం ఆ గుట్ట ఎక్కాం.

"టెంటు ఎక్కడ వేద్దాం?" అని సుమ అడిగింది.

ఎక్కడ వేయాలో నాకు తెలుసు. కానీ నీళ్లలో టెంటు నీడ కనబడితే ఫోటో బాగుంటుందని దొన అంచునే వేయించాను... నేనే. ఆ ఫోటో నెట్‌లో పెట్టి, బండి ఎక్కడ ఆపాలో, ఎటు ఎక్కాలో వివరంగా రాశాను. మ్యాప్‌లో గుర్తు కూడా పెట్టాను. "నీళ్ల పక్కనే టెంటు వేసుకోండి, మరచిపోలేరు" అని చివర ఒక మాట. ఎంతోమంది పంచుకున్నారు. పొంగిపోయాను.

ఎండలు ముదిరాక నాయన ఫోన్ చేశాడు. ఆయనకు ఇంకా ఒక చిన్న మంద ఉంది.

"దొన కాడికి తోలుకోనిపోతే ఒక్కటి గూడా మూతి పెట్టలేదు పాపా. నీళ్ల నిండా సబ్బు నురగ. యాడ సూసినా గాజు పెంకులు. సూడి గొర్రెకు గిట్ట తెగింది. ఎవురు సెప్పినారో ఏమో, కార్లేసుకోని వస్తాండారు."

నాయనకు చదవడం రాదు. నేను రాసింది ఆయన ఎప్పటికీ చదవలేడు... ఆ క్షణంలో నాకు కలిగిన ధైర్యం అది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. "అట్లనా నాయనా" అని మాత్రం అని ఫోన్ పెట్టేశాను.

వెంటనే పోస్టు తీసేశాను. కానీ అప్పటికే ఎవరెవరో వాళ్ల ఫోటోలతో, వాళ్ల మాటలతో పెట్టుకున్నారు. అవి నేను తీయలేను.

ఆ ఆదివారం ఊరికి పోయి ఆయనతో గుట్ట ఎక్కాను. గోనెసంచుల్లోకి పెంకులు ఏరాం. పాడైన నీళ్లన్నీ బకెట్లతో తోడి దూరంగా పోశాం. దొన లోపల దిగి బండను రుద్దుతూ చెప్పేశాను. "నాయనా... ఈడికి దారి చెప్పింది నేనే."

తిడతాడనుకున్నాను. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని, ఫోటో చూపించమన్నాడు. ఫోన్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దారి సెప్తే సెప్పినావులే. మనుషులన్నాక తిరుగుతారు. డేరా ఇంత దగ్గర యాల ఏసినావమ్మా? నీకు తెల్సు గదా..."

ఫోటో బాగా వస్తుందని వేశానని ఆయనతో ఎలా చెప్పను? తల వంచుకుని రుద్దుతూనే ఉన్నాను.

దొన ఇప్పుడు ఖాళీగా ఉంది. గట్టి వాన పడితే గాని నిండదు. అందాకా మా నాయన మోకాళ్ల నొప్పులతోనే రోజూ మిట్టమధ్యాహ్నం మందను గుట్ట దించి, రోడ్డు దాటించి, ఎవరో రైతును బతిమాలి బోరు దగ్గర నీళ్లు తాపుతున్నాడు. ఒక్క మాట కూడా నన్ను అనడు. అంటే బాగుండేది.

అప్పట్లో మంచి చోటు కనబడితే కడుపునిండా చూసుకుని, ఉన్నది ఉన్నట్టు వదిలి వచ్చేవాళ్లం... ఇప్పుడు అట్లా వదలడం నాలాంటి వాళ్లకు చేతకావడం లేదు.

మీ చిన్నప్పుడూ అట్లాంటి చోటు ఒకటి ఉండే ఉంటుంది. వాగు గట్టో, చింతతోపో, బండ నీడో... కింద రాయండి, అన్నీ చదువుతాను. అక్కడికి ఎవరితో పోయేవారో, ఏం తినేవారో, ఏం మాట్లాడుకునేవారో రాయండి.

అది ఎక్కడుందో మాత్రం రాయకండి.