పెట్టె ఎనిమిదంది

పెళ్ళయిన మొదటి ఆషాఢంలో అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదన్న నియమం ఎవరు పెట్టారో గాని, వాళ్ళకు రొయ్యల చెరువు మాత్రం ఉండి ఉండదు. మా ఆవిడ పుట్టింట్లో ఉంది, రామచంద్రపురం దాటాక వచ్చే ఊళ్ళో. నేను రాజమండ్రిలో, అద్దె గదిలో. నేను చేసిన పెట్టేమో మావయ్యగారి చెరువు గట్టు మీద. వెళ్ళి చూసుకునే దారి లేదు. "చెరువు ఇల్లు కాదు కదండీ" అంటే, "గట్టు మీద పాకుంది కదా బాబూ, దానికీ గడపుంది" అన్నారు అత్తయ్యగారు. ఇంకేం మాట్లాడతాం!

పెట్టె పని చిన్నదే. నీళ్ళలో ముంచిన మీటరు ఆక్సిజన్ ఎంతుందో తీగ గుండా పంపుతుంది. పెట్టె దాన్ని చదివి తెర మీద అంకె చూపిస్తుంది. నాలుగు కంటే తగ్గితే ఏరేటర్లు వేసి నీళ్ళు చిలకాలి, లేకపోతే రొయ్యలకు ఊపిరాడదు. ఆ ఏడు మావయ్యగారు ఉన్నదంతా ఆ ఒక్క చెరువులోనే పోశారు. ఆషాఢం వెళ్ళగానే పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మడం.

చదివే ప్రోగ్రాం నేనే రాశాను. పెట్టెను నడిపే లైనక్స్‌లో తీగ కూడా ఒక ఫైలే. ఓపెన్‌తో తెరిచి, రీడ్‌తో అడిగితే దాని గుండెకాయ, కెర్నలే, బైట్లు తెచ్చి ఇస్తుంది, అక్షరానికో బైటు. ఇంత చిన్న పెట్టెకి మధ్యలో లైబ్రరీలెందుకు, బరువు తప్ప, అనుకున్నాను. పదహారు బైట్లు ఇమ్మన్నాను. గదిలో నా బల్ల మీద ప్రతిసారీ అంకె మొత్తం వచ్చింది.

రోజూ ఫోన్ చేసేవాణ్ణి.

"పెట్టె ఎలా పనిచేస్తోందండీ మావయ్యగారూ?"

"బ్రహ్మాండంగా ఉందండి బాబూ. భోంచేశారా?"

"ఏమైనా తేడా కనిపిస్తోందాండీ?"

"మీరు పెట్టాక తేడా ఏంటండి!"

తప్పేంటో చెప్పండి మహాప్రభో అని నేను మొత్తుకుంటుంటే, ఆయన పనసపొట్టు కూర పంపించమంటారా అని అడిగేవారు. ఇలాంటి మాటలు పట్టుకుని ఏ ప్రోగ్రాం బాగుచేస్తాం?

ఆషాఢం సగంలో ముసురు పట్టింది. ఎండ మొహం చూడకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఒకరోజు పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, రొయ్యలన్నీ ఊపిరాడక గట్టు పక్కకి చేరిపోయాయి. మీ పెట్టేమో ఎనిమిది అంటోంది."

"ఏరేటర్లు వేశారా?"

"నాన్న వెయ్యనివ్వట్లేదండి. అల్లుడుగారి పెట్టె బావుందంటుంటే మనం కాదంటే ఏం మర్యాద అంటున్నారు."

తెరను వీడియో తీసి పంపమన్నాను. చూశాను. రెండు, పక్కన చుక్క కనబడ్డాయి. రెప్పపాటులో అవి పోయి ఎనిమిది వచ్చి కూర్చుంది.

అది ఎనిమిది కాదు, రెండు పాయింట్ ఎనిమిది. పదహారు బైట్లు అడిగినా అన్నీ వచ్చేదాకా రీడ్ ఆగదు. అప్పటికి ఎంత వస్తే అంత చేతిలో పెట్టి, ఇన్ని ఇచ్చానని చెప్పి పోతుంది. గట్టు మీది తీగలో రెండూ చుక్కా ముందొచ్చాయి, ఎనిమిది వెనకబడింది. అంకె పూర్తయ్యేదాకా పోగుచెయ్యాల్సిన నా ప్రోగ్రాం, ఆ ముక్కను ఇంకో కొత్త అంకె అనుకుంది.

"ఏరేటర్లు వెయ్యమను! ఆ పెట్టె మొహం చూడొద్దను!" అని ఫోన్‌లో అరిచి బండి తీశాను. ఆషాఢం లేదు, గాడిద గుడ్డూ లేదు.

నేను వెళ్ళేసరికి ఏరేటర్లు తిరుగుతున్నాయి. మావయ్యగారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చచ్చిన రొయ్యల్ని గంపకెత్తుతున్నారు. సగం చెరువు పోయింది.

"ఇంతకుముందెప్పుడైనా ఇలా తప్పు చూపించిందాండీ?" అన్నాను.

"ఎండ కాసి చెరువు బాగున్న రోజుల్లో కూడా ఒకటి, రెండు అని చూపించేదండి. సర్లే అని ఏరేటర్లు ఊరికే తిప్పేవాణ్ణి."

"రోజూ అడిగాను కదండీ! ఒక్క ముక్క చెప్పలేదేంటండి?"

"కొత్త అల్లుడు చేసిచ్చింది బాలేదని ఎలా అంటామండి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, నా మీదో, ఆ దిక్కుమాలిన మర్యాద మీదో తెలియలేదు. ఇంతకంటే రీడే నయం. సగం ఇచ్చినా, సగమే ఇచ్చానని చెబుతుంది.

"నన్ను తిట్టండి మావయ్యగారూ. ఒక్క తిట్టు తిట్టండి" అన్నాను.

ఆయన గంప గట్టు మీద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, పాక వైపు తిరిగి కేకేశారు.

"ఏమేవ్, అల్లుడుగారొచ్చారు. ఆషాఢం కదా, కుర్చీ గట్టు మీదే వెయ్యి. ముందు కాఫీ పట్రా."